వాయిదాలు చెప్పే నేనే వాయిదాల పడ్డ: నా ఏఐబీఈ ముచ్చట

పాసయ్యాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాదంతా మీరు నిమ్మళంగా చదువుకుంటారు.

రాసింది ఏఐబీఈ 19, అంటే లా చదివినవాళ్లు వకీలుగా కొనసాగాలంటే పాసవ్వాల్సిన ఆలిండియా బార్ పరీక్ష, పందొమ్మిదో విడత. డిసెంబర్ 22, 2024న. రిజల్ట్ చూసుకున్నది మార్చిలో. అంతకుముందు ఏఐబీఈ 18 కూడా రాశాను. అప్పుడు మూడున్నర నెలలు ఎదురుచూసి మరీ ఫెయిలయ్యాను. రెండు పరీక్షలకు కలిపి నేను చదివింది ఎంతో తెలియదు గానీ ఎదురుచూసింది మాత్రం ఆర్నెల్ల పైమాటే.

రిజల్ట్ వచ్చిన రోజు నుంచి జూనియర్ల ఫోన్లు ఆగట్లేదు. ఏం పుస్తకాలు చదివినవక్కా అనేవాళ్లు తక్కువ. "అక్కా, రాసేది ఓఎంఆర్ షీటే గదా, దిద్దేది మెషీనే గదా, మరి మూడు నెలలెందుకు?" అనేవాళ్లే ఎక్కువ. ఒక్కొక్కరికీ చెప్పి గొంతు పోయింది. అందుకే రాసి పెడుతున్నా. ప్రిపరేషన్ సంగతి కూడా చెప్తాను, కానీ ఈ ఎదురుచూపు సంగతి తేల్చాకే. ఎందుకంటే నా మొదటి అటెంప్ట్‌ను పరీక్ష కంటే ఎక్కువగా ఆ ఎదురుచూపే తినేసింది.

మాది హాలియా పక్కన ఊరు. బత్తాయి తోట ఉంది మాకు. నాగార్జున ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ, తర్వాత హైదరాబాద్‌లో మూడేళ్ల ఎల్ఎల్‌బీ. 2023 ఆగస్టులో బార్ కౌన్సిల్‌లో వకీలుగా ఎన్‌రోల్ అయ్యి నల్లగొండలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాను. అంటే చేతిలో ఉన్నది ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్. రెండేళ్లలో ఏఐబీఈ పాసవుతానని రాసిచ్చి తెచ్చుకున్న కాగితం అది. పాస్ కాకపోతే గడువు దాటిన తెల్లారి నల్లకోటు దండెం మీద ఆరేసుకోవడానికే పనికొస్తుంది. ఈ రెండేళ్ల లెక్క మీ అందరికీ తెలిసిందే, కానీ అది ఎంత చిన్నదో ఫెయిలైతే గానీ తెలియదు.

మా నాయనకు ఈ పరీక్ష అర్థమయ్యేలా చెప్పడం హైకోర్టులో వాదించడం కంటే కష్టం. "ఇంక రాలేదా బిడ్డా?" అని మొదటిసారి రాశాక జనవరిలో అడిగాడు. ఫిబ్రవరిలో అడిగాడు. మార్చిలో అడగడం మానేసి అమ్మతో అడిగించాడు. 2024లో తెలంగాణ ఇంటర్ పరీక్షలు మార్చి 19న అయిపోతే ఏప్రిల్ 24న రిజల్ట్ ఇచ్చారు. తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లలు, ఒక్కో పిల్లకు ఇన్నిన్ని పేపర్లు, అన్నీ చేత్తో రాసినవి, చేత్తో దిద్దినవి. ఐదు వారాలు. అది చూసి మా నాయన అన్నమాట: "గుండ్రాలు నింపిన కాయిదానికి నూటికి పైన దినాలు పట్టిందా? ఎవలో నిన్ను మోసం జేస్తున్నరు." నాకూ జవాబు లేకపోయింది అప్పుడు.

జవాబు తర్వాత దొరికింది. అదేమీ రహస్యం కాదు, తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఏఐబీఈ 18 జరిగింది డిసెంబర్ 10, 2023న. ప్రాథమిక కీ, అంటే సరైన జవాబుల మొదటి పట్టిక, డిసెంబర్ 12నే వచ్చింది. అభ్యంతరాలకు డిసెంబర్ 20 దాకా టైమ్. ఫైనల్ కీ వచ్చింది మార్చి 21, 2024న. రిజల్ట్ మార్చి 26న. చూశారా? ఫైనల్ కీ నుంచి రిజల్ట్‌కు ఐదు రోజులు. మెషీన్ పని ఆ లెక్కనే ఉంటుంది. మూడు నెలలు మింగింది మన ఓఎంఆర్ షీటు కాదు, మధ్యలో ఉన్న కీ. మనం సరిగ్గా రాశామా లేదా అని కాదు, అసలు సరైన జవాబు ఏదని తేల్చడానికే అంత కాలం.

ఇంటర్‌కు ఈ బాధ లేదు. అక్కడ స్పాట్ వాల్యుయేషన్ క్యాంపు పెడతారు, లెక్చరర్లందరినీ ఒకచోట కూర్చోబెడతారు, కీ మీద పిల్లలు అభ్యంతరం పెట్టేది ఉండదు. తప్పులుంటే రిజల్ట్ తర్వాత రీకౌంటింగ్. మనకు తిరగేసి ఉంది. పంచాయితీ అంతా ముందు, రిజల్ట్ తర్వాత. పైగా ఈ పరీక్ష రాసేవాళ్లంతా లాయర్లే! కీ తప్పయితే రిట్ వేయడానికి ఇంకో వకీలును వెతుక్కోనక్కర్లేదు, ఎవరి వకాలత్ వాళ్లే వేసుకోవచ్చు. పరీక్ష పెట్టేవాళ్లకు ఆ భయం ఉండకుండా ఎట్లుంటది?

చట్టం మీద ప్రశ్న అంటే లెక్కల ప్రశ్న కాదు. సెక్షన్‌లో ఒక మాట ఉంటుంది, దాని కింద మినహాయింపు ఉంటుంది, దాని మీద ఒక హైకోర్టు ఒకలా చెప్పి ఉంటుంది, ఇంకో హైకోర్టు ఇంకోలా. నాలుగు ఆప్షన్లలో రెండు వాదించదగినవే అయి కూర్చుంటాయి. పేపరేమో ఒక్క భాషలో ఉండదు. ఇంగ్లిష్‌లో చక్కగా ఉన్న ప్రశ్న తెలుగులోకి వచ్చేసరికి 'షల్' పోయి 'మే' అయితే అర్థమే తారుమారు. వచ్చిన అభ్యంతరాలన్నీ పోగేసి, ఒకే ప్రశ్న మీద వచ్చినవన్నీ కలిపి, దానికి పెట్టిన సెక్షన్లూ తీర్పులూ తిరగేసి, ఉంచాలా, కీ మార్చాలా, ప్రశ్నే తీసేయాలా అని నిపుణులు తేల్చాలి. ఆ నిపుణులకు వేరే పనులుంటాయి, కోర్టులుంటాయి, క్లాసులుంటాయి.

కోర్టులు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. 1983లో కాన్పూర్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, కీ సరైనదనే అనుకోవాలి, తప్పని స్పష్టంగా రుజువైతే తప్ప కదిలించొద్దు అన్నది. 2017లో రణ్ విజయ్ సింగ్ కేసులో అనుమానం ఉంటే ఆ లాభం అభ్యర్థికి కాదు, పరీక్ష పెట్టినవాళ్లకే అన్నది. అంటే ఫైనల్ కీ ఒకసారి బయటపడ్డాక దాన్ని కదిలించడం మన తరం కాదు. కాబట్టి వాళ్లు బయటపెట్టేముందే నానుస్తారు. ఇది నేను వాళ్లను వెనకేసుకొస్తున్నది కాదు. మూడు నెలలు ఎక్కువే అని ఇప్పటికీ అంటాను. ఫలానా రోజుకు ఇస్తామని ముందే ఒక తేదీ చెప్తే సగం మంది బీపీ తగ్గుతుంది. కానీ ఎందుకో తెలియక తన్నుకులాడడం వేరు, తెలిసి తన్నుకులాడడం వేరు.

కీ అయ్యాక కూడా చిల్లర పనులుంటాయి. సెట్ కోడ్ నింపనివాళ్లు, రోల్ నంబర్‌లో ఒక గుండ్రం బదులు ఇంకో గుండ్రం నింపినవాళ్లు, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు సరిపోలనివాళ్లు. వీళ్లవి పక్కన పెడతారు. 'విత్‌హెల్డ్' అనే మాట ఫెయిల్ కంటే భయంకరం, చూసినవాళ్లను అడగండి. 19కి ఇంకొకటి కలిసింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఫైనలియర్ విద్యార్థులను కూడా రాయనివ్వమంది. 2023 ఫిబ్రవరి 10న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఈ పరీక్షను సమర్థిస్తూ ఇచ్చిన తీర్పులోనే ఆ మాటకు పునాది ఉంది. మంచిదే. ఎన్‌రోల్ కాకముందే రాసి పాసైతే రెండేళ్ల కత్తి మెడ మీద ఉండదు. ఇప్పుడు ఫైనలియర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని వదులుకోకండి. నాకు ఆ అదృష్టం లేకపోయింది. అన్నట్టు, ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750 దాటొద్దని 2024 జూలై 30న తీర్పొచ్చింది. అంతకుముందు కట్టినవాళ్లకు వాపసు లేదని కూడా అందులోనే ఉంది. నేను కట్టింది 2023లో. నా జాతకం అంతా ఇట్లనే, తీర్పు కంటే ఒక అడుగు ముందు.

ఇక నా ఫెయిల్యూర్ సంగతి.

ఏఐబీఈ 18 ముందు అక్టోబర్ 29 అన్నారు. తర్వాత నవంబర్‌కు పోయింది, అక్కడి నుంచి జరిగి జరిగి డిసెంబర్ 10 అయ్యింది. జరిగిన ప్రతిసారీ నేను సంతోషించాను, అదే నా మొదటి తప్పు. వారం దొరికితే వారం చదువుతాం అనుకుంటాం గదా, చదవం. దొరికిన వారంలో మొదటి మూడు రోజులు ఊపిరి పీల్చుకుంటాం, తర్వాత మూడు రోజులు టైమ్‌టేబుల్ తిరగరాస్తాం. ఆ మధ్యలోనే అసెంబ్లీ ఎన్నికలు. నవంబర్ 30న పోలింగ్, డిసెంబర్ 3న లెక్కింపు. నల్లగొండలో ఆ నెలంతా మైకులే. గడియారం చౌరస్తా నుంచి మా రూమ్ దాకా పాటలు. కోర్టులో కూడా కేసుల ముచ్చట తక్కువ, ఎవరికి ఎన్ని వేల మెజారిటీ అన్నదే ఎక్కువ. అక్క డెలివరీ కూడా అప్పుడే. ఇవన్నీ సాకులని మీరనుకుంటే అనుకోండి. ఆ విడతలో రాసినవాళ్లలో సగం మంది కూడా గట్టెక్కలేదు, వాళ్లందరి ఇళ్లలో డెలివరీలున్నాయా? లేవు. మరి? అందరం ఒకే గోతిలో పడ్డాం. ఆ గొయ్యి పేరు ఓపెన్ బుక్.

నోట్సు లేని బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేని ఉత్త చట్టం పుస్తకాలు, తెచ్చుకోవచ్చు అన్న ఒక్క వాక్యం మనల్ని ఎంత చెడగొట్టిందో చెప్పలేను. నేను ఇరవై రెండు బేర్ యాక్టులు మోసుకెళ్లాను. ముందురోజు సాయంత్రమే బస్సులో ఎల్బీనగర్‌లో పిన్ని వాళ్లింటికి చేరాను. సంచి కింద పెడితే దబ్బున చప్పుడయ్యింది. పిన్ని "బియ్యం తెచ్చినవా బిడ్డా?" అంది. తెల్లారి సెంటర్ ముందు చూస్తే అందరిదీ అదే వాలకం. ఒకాయన ట్రాలీ సూట్‌కేసు తెచ్చాడు.

నా ప్లాన్ ఇది. రాజ్యాంగం, సీఆర్పీసీ (క్రిమినల్ కేసుల పద్ధతి), సీపీసీ (సివిల్ కేసుల పద్ధతి) పది పది మార్కులు. ఐపీసీ, ఎవిడెన్స్, ఫ్యామిలీ లా, కాంట్రాక్టుల గుంపు ఎనిమిదేసి. మొత్తం 62. ఇవి గట్టిగా చూసుకుని మిగతా పన్నెండు సబ్జెక్టులు హాల్లో పుస్తకం తీసి రాసేద్దాం. వినడానికి బాగుంది గదా? ఇప్పుడు లెక్క వేయండి. పాసవ్వాలంటే వందకు 45 కావాలి. ఆ 45 ఈ 62లోనే తెచ్చుకోవాలంటే నూటికి 73 దాకా రావాలి. 73 శాతం తెచ్చుకునే తెలివి ఉంటే ఈ ప్లానే ఎందుకు వేస్తాను?

హాల్లో ఏమైందంటే, మొదటి ప్రశ్నే ఆర్బిట్రేషన్ మీద. పుస్తకం తీశాను. సెక్షన్ వెతికాను. దొరికింది. సంబరపడ్డాను. రెండోది ట్యాక్స్. ఆదాయపు పన్ను చట్టం బేర్ యాక్ట్ ఎప్పుడైనా చూశారా? ఇటుక. అందులో ఒక నిర్వచనం కోసం ఆరు నిమిషాలు పోయాయి. ఒక్కో ప్రశ్నకు మనకున్నది రెండు నిమిషాలు. దొరికిందా అంటే దొరకలేదు, అయినా వదలబుద్ధి కాలేదు, ఇంత వెతికాక వదిలితే ఎట్లా అని. ఇదే అసలు జబ్బు. తెలియని ప్రశ్న దగ్గర పుస్తకం మనల్ని పట్టుకుని కూర్చుంటుంది. పుస్తకం లేకపోతే ఏదో ఒకటి దిద్దేసి ముందుకు పోయేదాన్ని, నెగెటివ్ మార్కులు కూడా లేవాయె. చివరి పావుగంటలో నా ముందు ఇరవై రెండు ప్రశ్నలు మిగిలాయి. ఇరవై రెండు బేర్ యాక్టులు, ఇరవై రెండు ప్రశ్నలు. అందులో సగం నాకు బాగా వచ్చిన సీపీసీ, రాజ్యాంగం. చదవకుండానే గుండ్రాలు నింపాను. బయటికొచ్చాక పేపరు గుర్తు చేసుకుంటే ఆర్డర్ 39 మీద ప్రశ్న తప్పు పెట్టాను. రోజూ ఇంజంక్షన్ పిటిషన్లు టైప్ చేసే దాన్ని!

మా సార్ ఏమీ అనలేదు ఆ రోజు. వారం తర్వాత ఒక పిటిషన్ చూస్తూ చూస్తూ, "సెక్షన్ ఎక్కడుందో తెలిసినోనికే పుస్తకం పనికొస్తదమ్మా, తెల్వనోనికి దిండు" అన్నారు.

తర్వాత ఆ మూడున్నర నెలలు. ప్రాథమిక కీ రాగానే గుర్తున్నంత మేరకు లెక్క వేసుకున్నాను. ఒకసారి 46 వచ్చింది, ఇంకోసారి 44. సీపీసీ మీద ఒక ప్రశ్నలో రెండు జవాబులూ సరైనవే అని నాకు అనిపించింది. అభ్యంతరం పెడదామంటే ఒక్కో ప్రశ్నకు ఫీజు. ఎవరో ఒకరు పెడతారులే అనుకున్నాను. అట్లా అనుకునేవాళ్లు వేలల్లో ఉంటారని అప్పుడు తోచలేదు.

ప్రశ్నలు తీసేయడం గురించి చాలామందికి తప్పుడు ఆశ ఉంది. తీసేస్తే అందరికీ మార్కు కలుపుతారనుకుంటారు. కలపరు, మొత్తంలోంచే తీసేస్తారు. ఉదాహరణకు ఐదు తీసేశారనుకోండి. 95లో 45 శాతం అంటే 42.75. అంటే 43 కావాలి. ఒకామెకు కీ ప్రకారం 46 వచ్చాయి, కానీ తీసేసిన ఐదింట్లో నాలుగు ఆమె సరిగ్గా రాసినవే. మిగిలేవి 42. ఫెయిల్. ఇంకొకాయనకు 44 వచ్చాయి, తీసేసినవాటిలో ఒక్కటే సరిగ్గా రాశాడు. 43. పాస్. 46 ఫెయిలై 44 పాస్ కావడం మా నాయనకు చెప్పి చూడండి. నాకు జరిగింది ఇట్లాంటిదే. నా లెక్కలో రెండు మార్కులు తక్కువ పడ్డాయి. అందుకే ప్రాథమిక కీ చూసి 45 దగ్గర సంబరం చేసుకోవద్దు, 55 లేకపోతే నోరు మూసుకుని చదువుకోవడమే.

కానీ నేను చదువుకోలేదు. జనవరి నుంచి మార్చి దాకా రోజుకు పదిసార్లు సైట్ తెరవడం, గ్రూపుల్లో ఎవడో 'రేపే' అంటే నమ్మడం, రాకపోతే తిట్టుకోవడం. పాసైతే చదవడం దండగ, ఫెయిలైతే ఎట్లాగూ చదవాలి, రిజల్ట్ వచ్చాక చూద్దాం అన్న ధోరణి. ఈ ఎదురుచూపు మన టైమును తీసుకోదు, మనమే ఇచ్చేస్తాం. మార్చి 26న ఫెయిల్ అని చూశాక, పోయిన మూడున్నర నెలలు కళ్లముందు తిరిగాయి. తర్వాతి పరీక్ష జూన్‌లోనో జూలైలోనో ఉంటుందనుకున్నాం. వచ్చింది డిసెంబర్‌లో. అది కూడా నవంబర్ 24 అని, డిసెంబర్ 1 అని, చివరికి 22. నా రెండేళ్ల గడువులో నాకు దొరికినవి రెండే పరీక్షలు. రెండోది కూడా పోతే ఆగస్టు నుంచి ఇంట్లో బత్తాయి కాయలు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇక్కడ ఒక తాత గురించి చెప్పాలి. దేవరకొండ అవతల నుంచి వస్తాడు, భాగపంపకాల దావా. నేను కోర్టుకు రాకముందు నుంచీ నడుస్తోంది. ప్రతి వాయిదాకు పొద్దున తొమ్మిదింటికే వచ్చి మెట్ల మీద కూర్చుంటాడు. "ఇయ్యాలన్న అయితదా బిడ్డా?" అంటాడు. "వచ్చే వాయిదాకు చూద్దాం తాతా" అని నేను. ఎన్నిసార్లు అన్నానో! కౌంటర్ పడలేదు, సాక్షి రాలేదు, జడ్జిగారు లీవు. ఫెయిలైన వారంలో ఆయన వచ్చి అట్లనే అడిగాడు. నోట్లోంచి మాట రాలేదు నాకు. అంతకుముందు రోజే నేను ఎవరినో ఇదే గొంతుతో అడిగాను మరి. ఆయనకు ఎందుకు లేటవుతోందో అప్పటిదాకా ఎవరూ విడమరిచి చెప్పలేదని అప్పుడు తట్టింది. ఆ రోజు పక్కన కూర్చుని చెప్పాను. ఎల్ఆర్‌లు, అంటే చనిపోయినోళ్ల వారసులు, రికార్డు మీదికి రావాలి తాతా, నీ తమ్ముడు చనిపోయిండు గదా, ఆయన పిల్లలందరికీ నోటీసులు అందాలి, ఒకామె బొంబాయిలో ఉంది, ఆమెకు అందలేదు అని. అంతా విని, "అట్లనా. మరి గా ముక్క ముందే చెప్పరాదు?" అన్నాడు. ఆయన వాయిదాలు తగ్గలేదు. కానీ మెట్ల మీద కూర్చునే తీరు మారింది.

రెండో అటెంప్ట్‌కు నేను చేసింది గొప్పగా ఏమీ లేదు. అటూ ఇటూ మార్చేశాను, అంతే. ఏ పన్నెండు సబ్జెక్టులను పుస్తకం మీద వదిలేశానో వాటినే ముందు పట్టుకున్నాను. 38 మార్కులు. ఎథిక్స్ నాలుగు అంటే అడ్వకేట్స్ యాక్ట్‌లో 24, 35, 37, 38, 49 చుట్టే తిరుగుతాయి, ఒక్క సాయంత్రం పని. భూసేకరణ రెండు. మన జిల్లాలో కాలువ కింద భూమి పోని ఊరుందా? ఒక్క రిఫరెన్స్ కేసు ఫైలు చదివితే 2013 చట్టం బుర్రకెక్కుతుంది. 65వ నంబర్ హైవే పుణ్యాన యాక్సిడెంట్ ఓపీలు (పరిహారం పిటిషన్లు) మన కోర్టుల్లో కుప్పలు, టార్ట్స్ అంటే నష్టపరిహారం చట్టం అయిదు మార్కులు అందులోంచే. లోక్ అదాలత్‌లో కూర్చుని అవార్డులు రాస్తే, అది డిక్రీతో సమానం, అప్పీలు లేదు అని సెక్షన్ 21 చదవకుండానే వస్తుంది. చెక్ బౌన్స్ కేసుల్లో ముప్పై రోజుల్లో నోటీసు, పదిహేను రోజుల గడువు, ఆ తర్వాత నెలలో కంప్లయింట్ అని గుమాస్తాలు వేళ్ల మీద లెక్కపెడతారు. కోర్టుకు వెళ్తూ చదవడం కష్టం అని మొదటిసారి ఏడ్చిన దాన్నే, రెండోసారి కోర్టులోనే చదివాను.

జూలై 1, 2024 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు: ఐపీసీ బదులు బీఎన్ఎస్, సీఆర్పీసీ బదులు బీఎన్ఎస్ఎస్, ఎవిడెన్స్‌కూ కొత్తదే. ఇదొక పిడుగు. ఐపీసీ నమిలి మింగిన దాన్ని మళ్లీ కక్కి బీఎన్ఎస్ మింగాలి. రెండు వరసల నోట్‌బుక్ పెట్టుకున్నాను, ఎడమ పాతది, కుడి కొత్తది. హత్య 302 ఇప్పుడు 103. హత్యాయత్నం 307 ఇప్పుడు 109. మోసం 420 అంటే 318(4). మనోవర్తి 125 ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 144. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పెట్టే 65బి సర్టిఫికెట్ ఇప్పుడు 63. అన్నిటికంటే మోసం చేసేది 482. పాత సీఆర్పీసీలో 482 అంటే హైకోర్టులో క్వాష్, కేసు కొట్టేయించుకోవడం. కొత్తదాంట్లో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ ఏమో 528కి పోయింది. ఇది పుస్తకంలో చూసి రాసే సంగతి కాదు, నిద్రలో లేపి అడిగినా రావాలి. మా సార్ ఇప్పటికీ మర్డర్ కేసును '302 కేసు' అనే అంటారు. బీఎన్ఎస్‌లో 302 అంటే మతభావాలను నొప్పించే మాటలు సార్ అంటే, "నువ్వు మాట్లాడేది గూడ గదే" అంటారు. జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే గనక కోర్టులో రెండూ బతికే ఉన్నాయి, మనకు రెండూ తెలియాల్సిందే.

హాల్లోకి ఈసారి తొమ్మిది బేర్ యాక్టులే తీసుకెళ్లాను. తెలిసినవి మొదట మొత్తం రాసేశాను, పుస్తకం ముట్టకుండా. రెండో చుట్టులో పుస్తకం, అదీ పేజీ తెలిసినవాటికే. ఇరవై నిమిషాలు మిగిలాయి. సెట్ కోడ్, రోల్ నంబర్ మూడుసార్లు చూసుకున్నాను. పక్క వరసలో ఒక పిల్ల సంచిలోంచి పుస్తకాలు తీస్తూనే ఉంది, నన్ను నేను చూసుకున్నట్టయింది.

చదువు గురించి ఎంత చెప్పినా కొంచెమే. పొద్దున అయిదింటికి లేవండి, ఫోన్ పక్క రూమ్‌లో పెట్టండి, జిల్లా గ్రంథాలయంలో కూర్చోండి, రిజల్ట్ గ్రూపుల నుంచి బయటికి రండి, క్రమశిక్షణ లేకపోతే నల్లకోటు వేసుకునే అర్హతే... సరే, ఆపుతాను. నేను కూడా అయిదింటికి లేచింది వారంలో రెండు రోజులే.

ఈసారి కీ వచ్చాక ఒక ప్రశ్నకు ఫీజు కట్టి అభ్యంతరం పెట్టాను, తీర్పు కాపీ జతచేసి. ఒప్పుకున్నారా లేదా అన్నది వేరే సంగతి. నా లెక్కలో 61 వచ్చాయి గనక ఏది తీసేసినా భయం లేదు. ఎదురుచూపు మాత్రం మళ్లీ మూడు నెలలే. ప్రాథమిక కీ డిసెంబర్‌లోనే వచ్చింది, ఫైనల్ కీ మార్చి దాకా రాలేదు. అదే వరస. కాకపోతే ఈసారి నేను సైట్ తెరవలేదు, కీ తేలనిదే రిజల్ట్ రాదని తెలుసు గనక. ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నాక, చాలా రోజులు మా కోర్టులో ఎవరికీ వేరే ముచ్చటే లేదు, నా రిజల్ట్ నాకే గుర్తు రాలేదు. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయితే మూడోసారి రాసిన నా రూమ్మేట్, "మూడు నెలలకే ఇట్లయితే ఎట్లనే" అని నవ్వింది. ఆమె ముందు నేను మాట్లాడే హక్కు పోగొట్టుకున్నాను.

ఫైనల్ కీ వచ్చిన రోజు మాత్రం నిద్ర పట్టలేదు. రిజల్ట్ వచ్చిన రోజు, పైన చెప్పిన తాత వాయిదా ఉంది. బొంబాయి ఆమెకు నోటీసు అందింది. మెట్ల మీదే ఫోన్‌లో నంబర్ కొట్టి చూశాను. చెప్తే ఆయన తల మీద చెయ్యి పెట్టి, "నీదయితే అయ్యింది" అన్నాడు. నాయనకు ఫోన్ చేస్తే తోటలో ఉన్నాడు, ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు నిజమేనా, మళ్ల కీ మారుతదా?" అన్నాడు. కీ అనే మాట ఆయనకు కూడా పట్టుబడ్డది.

ఇప్పుడు మిగిలింది పాసైనవాళ్లకిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్. అది చేతికొచ్చేది ఎప్పుడని అడిగేవాళ్లు అప్పుడే మొదలయ్యారు. నాకింకా రాలేదు. వచ్చే గురువారం తాత కేసులో చీఫ్ అఫిడవిట్ (సాక్ష్యం రాతలో ఇచ్చే కాగితం) వేయాలి, ఇంకా టైప్ కాలేదు.